మసిని లెక్కగట్టే యంత్రం

కట్టెల పొయ్యి మీంచి దించిన నీళ్ల బిందె అడుగున వేలు రాస్తే నల్లగా అంటేది మసి. బిందెకు పట్టిన మసి చింతపండు, బూడిద పెట్టి తోమితే వదులుతుంది. పొగతోపాటు గాల్లో కలిసిపోయిన మసి ఎంతో తెలియాలంటే ఏథలోమీటర్ కావాలి.

ఈ యంత్రం పుట్టిల్లు అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల. అక్కడ టిహోమిర్ నోవకోవ్ బృందం 1970ల నుంచి మసి కణాల వెంట పడింది. అప్పట్లో వడపోత కాగితం గుండా గంటల తరబడి గాలి లాగి, తర్వాత ఆ కాగితాన్ని పరీక్షించేవారు. పొద్దున పొయ్యిలు వెలిగే వేళ మసి ఎంత, మిట్టమధ్యాహ్నం ఎంత అంటే జవాబు దొరికేది కాదు. గాలిలోని మసిని అప్పటికప్పుడే కొలిచే పరికరాన్ని హాన్సెన్, రోసెన్, నోవకోవ్ 1984లో ఒక పరిశోధన పత్రంలో వివరించారు.

పనితీరు తేలికే. చిన్న పంపు నిమిషానికి కొన్ని లీటర్ల గాలిని లాగుతుంది. ఆ గాలి క్వార్ట్జ్ నారతో చేసిన పట్టీలోంచి దూరిపోతుంటే, కణాలు పట్టీకి చిక్కి గుండ్రటి మచ్చ కడతాయి. పైన దీపం, కింద వెలుగును పట్టే సెన్సర్. పక్కనే మసి అంటని చోటు ఒకటి ఉంటుంది. రెండింటి గుండా వచ్చే వెలుగును పోల్చి, మచ్చ ఎంత వేగంగా నల్లబడుతోందో చూసి, ఘనపు మీటరు గాలిలో ఎంత నల్ల కార్బన్, అంటే మసి, ఉందో యంత్రం లెక్కకడుతుంది. మచ్చ ముదిరితే పట్టీ దానంతటదే ముందుకు జరుగుతుంది.

అంటే ఇది మసిని తూచదు, మసి మింగిన వెలుగును కొలుస్తుంది. దీని బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి. మచ్చ నల్లబడే కొద్దీ కొత్త కణాలు పాత కణాల చాటున పడి, ఉన్నదానికన్నా తక్కువ అంకె వస్తుంది. ఈ జబ్బుకు మందుగా, ఒకే గాలిని వేర్వేరు వేగాలతో రెండు మచ్చల మీదికి పంపి, ఆ తేడాతో తప్పు దిద్దుకునే కొత్త నమూనా వచ్చింది. దాని వివరాలు 2015లో వెలువడ్డాయి.

బలం సంగతికొస్తే, యంత్రం ఏడు తరంగదైర్ఘ్యాల వెలుగు వాడుతుంది. 880 నానోమీటర్ల దగ్గర వెలుగును మింగేది ప్రధానంగా నల్ల కార్బనే. కట్టెల పొగలోని కొన్ని పదార్థాలు 370 దగ్గర మాత్రం గట్టిగా మింగుతాయి. ఈ తేడాను బట్టి, పొగ డీజిల్‌దా, కట్టెలదా అని అంచనా కట్టవచ్చు. తిరుపతి దగ్గరి గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు హరీశ్ గాధవి, జయరామన్ 2008లో సేకరించిన కొలతలతో ఇదే పరిశీలించి, 2010లో ఫలితాలు ప్రకటించారు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ ఈ యంత్రంతో కొలతలు తీశారు.

2010 మార్చిలో ఏథలోమీటర్ హైదరాబాద్ నుంచి బెలూన్ ఎక్కింది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం దాన్ని ఎగరేసింది. పైకి పోయేకొద్దీ మసి తగ్గుతుందనుకుంటాం కదా. ఈ కొలతలు తీసిన సురేశ్ బాబు బృందానికి మాత్రం దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఒకటి, ఎనిమిది దాటాక మరొకటి, దట్టమైన మసి పొరలు కనిపించాయి. మసి ఎండను మింగి చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తుంది. ఆ వేడి పొరకు నిలకడనిస్తుంది. అలా మసి తన గూడు తానే కట్టుకుంటుందేమోనని వారు ప్రతిపాదించారు.

వేడి పెంచేది మసి ఒక్కటే కాదు. 1958లో హవాయిలోని మౌనా లోవా మీద శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో 315 పాళ్లకు అటూ ఇటుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అందులో కొంత భాగం వందల ఏళ్లు పోదు. మసి అలా కాదు, వారం పది రోజుల్లో వానతోనో దానంతటదేనో నేలకు దిగుతుంది. పుట్టించడం మానితే ఆకాశం వెంటనే తేలికపడుతుంది, వంటింట్లో ఊపిరితిత్తులకూ అదే మేలు. అందుకే పొయ్యి మార్చడం, చెత్త తగలబెట్టడం మానడం మన చేతిలో ఉన్న పనుల్లో త్వరగా ఫలితమిచ్చేవి.