వార్తల్లో పదం: నో క్లెయిమ్ బోనస్

కారు బీమా ప్రస్తావన వచ్చినపుడెల్ల వినవచ్చు ‘నో క్లెయిమ్ బోనస్’ అనునది, ఏడాది పొడుగునను పరిహారము కోరక బండి నడుపుకొన్న యజమానికి, పాలసీ పునరుద్ధరణవేళ బీమా సంస్థ యిచ్చు తగ్గింపు. మనదేశమున నిది తొలియేటికి 20 శాతముతో మొదలై, 25, 35, 45 అను మెట్లెక్కి, వరుసగా ఐదేండ్లు క్లెయిము లేక గడచినచో 50 శాతమునకు చేరును. అయితే నిది సొంత వాహన నష్టమునకు చెల్లించు ప్రీమియమునకే గాని, 1988 నాటి మోటారు వాహనముల చట్టము తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమాకు వర్తింపదు.

తన పొరపాటున గేటుస్తంభమునకు గుద్ది బంపరు సొట్టపోగొట్టుకొన్న గృహస్థుడొకడు, రూ. 4,000 మరమ్మతునకై క్లెయిమ్ వేసెననుకొందము: రూ. 10,000 ప్రీమియములో సగము తగ్గింపు ననుభవించుచున్న యాతనికి, ఐదేండ్ల మెట్లన్నియు ఒక్కసారిగా జారిపోయి, మరుసటియేట రూ. 5,000 అదనపు భారము నెత్తినబడును. చిన్న సొట్టలను చేతిసొమ్ముతో బాగుచేయించుకొనుటయే మేలను మాటకిదియే మూలము.

పెద్ద ప్రమాదమై క్లెయిమ్ తప్పనివారు, థర్డ్ పార్టీ ధర ప్రభుత్వము నిర్ణయించినదే కావున, సొంత నష్టపు ప్రీమియమును నాలుగు సంస్థలయందు విచారించి, మరమ్మతు ఖర్చులో తాము భరించు వాటాను స్వచ్ఛందముగా పెంచుకొని, భారమును కొంత దింపుకొనవచ్చును. పాత క్లెయిమును మాత్రము దాచరాదు. గడువు తీరిన 90 దినములలోపల పునరుద్ధరింపనిచో కూడబెట్టిన బోనసు దక్కదు. కారమ్మినను బోనసు కారువెంట పోదు, యజమానివెంటనే వచ్చును.