తోటివారి కోసం విడిచిన చోటు



2021 జనవరిలో ఒక సాయంకాలం మా సంఘ పెద్దలలో ఒకరు భార్యతో కలిసి మా ఇంటికి వచ్చారు. ఇద్దరి ముఖాల్లోను దిగులు కనబడింది. వారి కూతురి బిడ్డ అమెరికాలో ఒక సంగీత కళాశాలలో పియానో నేర్చుకొంటూ డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నది. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడల్లా మా మందిరంలో కీబోర్డు వాయించిన పిల్లే. "అయ్యగారూ, అది చదివేది జాజ్ సంగీతమట. హోటళ్ళలో తాగేవాళ్ళ ముందు వాయించేదట. ఇప్పుడేదో కచేరీ పరీక్ష అంటున్నది. మీ మాటంటే దానికి గౌరవం. మీరైనా మాన్పించండి" అని ఆ అమ్మమ్మ కన్నీళ్ళు పెట్టుకొన్నది.

దాచకుండా ఒప్పుకోవాలి. జాజ్ అంటే ఏమిటో మాకప్పటికి తెలియదు. తెలియకుండానే "అవునమ్మా, అది లోకసంబంధమైన సంగీతమే" అని తలూపాము. ఆ రాత్రే అమ్మాయికి ఫోను చేశాము. ఆమె కోపపడలేదు. "వందనాలండీ అయ్యగారూ. మీరు చెప్పేది వింటాను. ముందు నా కష్టం కూడ కాస్త వింటారా?" అన్నది. ఆ వినడం మూడు నెలలు సాగింది. అప్పుడు మాకు తెలిసివచ్చిన సంగతులనే మీతో పంచుకొంటున్నాము.

గంటసేపు కచేరీ

సంగీతంలో డిగ్రీ పొందాలంటే వ్రాతపరీక్షలు మాత్రమే చాలవు. ఆఖరి సంవత్సరంలో విద్యార్థి గురువుల ముందు, ప్రజల ముందు ఒక కచేరీ చేయాలి. దానిని రిసైటల్ అంటారు. ఈ అమ్మాయి కళాశాలలో అది గంటసేపు జరగాలి. ఏ పాటలు వాయించాలో, ఎవరితో కలిసి వాయించాలో విద్యార్థే నిర్ణయించుకోవాలి. ఒక్కొక్క పాటను గూర్చి కొన్ని మాటలు వ్రాసి ఇవ్వాలి. ఒకటి మెల్లగా సాగేది, ఒకటి వేగంగా పోయేది, ఒకటి బ్లూస్ అనే దుఃఖగీతం, ఒకటి తాను స్వయంగా కూర్చినది, ఇలా ఏరి పెట్టుకొన్నది. తోడుగా ఇద్దరు స్నేహితులు. ఒకరిది బాస్ అనే పెద్ద తీగవాద్యం, మరొకరిది డ్రమ్స్.

అయితే అది కరోనా కాలం. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్కాజిట్ కౌంటీలో ఒక గాయక బృందం సాధనకు 61 మంది కూడారు. వారిలో 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. కలిసి పాడడమే ప్రాణాంతకమైన ఆ రోజుల్లో ఆమె కళాశాల కచేరీని రికార్డు చేసి పంపమన్నది. అమ్మాయి తల్లిదండ్రుల ఇంట్లో, బాస్ వాయించే కుర్రవాడు ఒక రాష్ట్రంలో, డ్రమ్స్ వాయించే కుర్రవాడు మరొక రాష్ట్రంలో ఉన్నారు. ముగ్గురూ విడివిడిగా వాయించి, ఆ మూడింటిని కలిపి ఒక కచేరీగా చేయాలి.

"ఫోనులో ఒకరినొకరు చూచుకొంటూ వాయించవచ్చు గదా తల్లీ" అన్నాము. ఆమె నవ్వింది. "అయ్యగారూ, మన ఊరి చెరువు అవతలి గట్టున ఎవరైనా బట్టలు ఉతకడం మీరు చూచారా?" అని అడిగింది. చూడకేం! బట్ట బండమీద పడడం ముందు కనబడుతుంది, చప్పుడు తరువాత వినబడుతుంది. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. ఒకే గదిలో 3 మీటర్ల దూరాన కూర్చున్నవారి మధ్య ఆలస్యం సెకనులో నూరవ వంతు కూడ ఉండదు. వీడియో కాల్‌లోనైతే సెకనులో పదవ వంతో, అంతకు మించో ఆలస్యం ఉంటుంది. అంటే 34 మీటర్ల దూరాన నిలిచి జత కలపడం వంటిది. మాట్లాడుకోవడానికి అది అడ్డురాదు. తాళం వేయడానికి మాత్రం పనికిరాదు. ఇతడు అతని కోసం ఆగుతాడు, అతడు ఇతని కోసం ఆగుతాడు, చివరికి పాటే ఆగిపోతుంది.

ఈ సంగీతం ఎక్కడిది?

ఇంతకూ జాజ్ ఎక్కడ పుట్టింది? అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ పట్టణంలో, నల్లజాతివారి మధ్య, 19వ శతాబ్దం ముగిసి 20వ శతాబ్దం మొదలయ్యే కాలంలో రూపు దిద్దుకొన్నది. అంతకు చాలాకాలం ముందే, బానిసత్వపు దినాల్లో, ఆ పట్టణంలోని కాంగో స్క్వేర్ అనే మైదానంలో బానిసలు ఆదివారాలు కూడి డప్పులు వాయించుకొనేవారు. పొలాల్లో, ప్రార్థనా కూటాల్లో ఒకరు పాట అందిస్తే మిగతావారు అందుకొనేవారు. మన నాట్ల పాటల్లో ఆడవాళ్ళు చేసేది కూడ అదే గదా! ఆ పిలుపు, ఆ జవాబు జాజ్‌లో నేటికీ ఉన్నాయి.

అమ్మమ్మ విన్నది అబద్ధం కాదు. తాగే చోట్ల కూడ దానిని వాయించారు, ఇప్పటికీ వాయిస్తారు. కాని కథ అంతటితో ముగియదు. థామస్ ఎ. డార్సీ అనే ఆయన బాప్టిస్టు బోధకుని కుమారుడు, బ్లూస్ పియానో వాయించినవాడు. 1932లో ఆయన భార్య ప్రసవంలో చనిపోయింది. పుట్టిన బిడ్డ కూడ దక్కలేదు. ఆ దుఃఖంలోనుండి ఆయన వ్రాసిన ప్రార్థన గీతం ఎన్నో దేశాల సంఘాల్లో పాడబడింది. అయితే మొదట్లో కొన్ని సంఘాలు ఆయన పాటలను లోకసంబంధమైనవని త్రోసివేశాయి. ఇది తెలిసినప్పుడు మేము అమ్మమ్మతో అన్న మాట మాకే గుచ్చుకొన్నది. డ్యూక్ ఎల్లింగ్‌టన్ అనే ప్రఖ్యాత జాజ్ విద్వాంసుడు 1965 సెప్టెంబరు 16న శాన్ ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథడ్రల్‌లో తన బృందంతో ఆరాధన సంగీతం వినిపించాడు. టెక్సాస్ రాష్ట్రంలోని డెంటన్‌లో ఉన్న కళాశాల 1947లోనే యీ సంగీతానికి డిగ్రీ చదువు ప్రారంభించింది.

నాలుగు ఆవర్తాల మౌనం

జాజ్‌లో మొదట అందరూ కలిసి పాట వరుస వాయిస్తారు. తరువాత అదే వరుస క్రింద నడిచే స్వరాలమీద ఒక్కొక్కరు అప్పటికప్పుడు తోచినది కల్పిస్తారు. చివర మళ్ళీ అందరూ అసలు వరుసకు వస్తారు. ఒకరు కల్పిస్తుంటే మిగతావారు చెవి ఒగ్గి విని, దానికి తగినట్లు తోడు వాయించాలి. అదే యీ సంగీతానికి ప్రాణం. మరి తోడు వాయించేవాడు నిన్ననే వాయించి పంపించేస్తే, నేడు ఈమె కల్పించేదానికి జవాబు చెప్పేదెవరు?

దానికి వారు ఒక మార్గం వెదికారు. మొదట ఈమె చెవిలో హెడ్‌ఫోన్లు పెట్టుకొని, గడియారంలా టక్ టక్‌మనే లెక్క వింటూ పియానో వాయించి పంపింది. ఆ టక్ టక్ మైకులోకి పోకూడదు గనుక హెడ్‌ఫోన్లు తప్పనిసరి. మొదట ఒక చప్పట కొట్టి మొదలుపెడితే, తరువాత మూడు రికార్డింగులను సరిగ్గా జతపరచడానికి అదే గురుతు. దానిని విని బాస్ అబ్బాయి, వారిద్దరినీ విని డ్రమ్స్ అబ్బాయి వాయించారు. చివరికి ఈమె మొదట వాయించినదంతా ప్రక్కన పెట్టి, వారిద్దరినీ వింటూ మళ్ళీ క్రొత్తగా వాయించింది. ప్రతి పాటకు ఇదే శ్రమ. ఫ్రిజ్ ఆపి, ఫ్యాను ఆపి, గోడలు మ్రోగకుండ దుప్పట్లు వ్రేలాడదీసి, ఇంటిల్లిపాదీ నిశ్శబ్దంగా కూర్చొనేవారట.

వారి బ్లూస్ పాటలో ఒక ఘట్టం ఉన్నది. పియానో నాలుగు ఆవర్తాలు వాయించి ఆగాలి, తరువాతి నాలుగు డ్రమ్స్‌వి. ఒక్కొక్క ఆవర్తానికి నాలుగు లెక్కలు. వారు పెట్టుకొన్న వేగంలో నాలుగు ఆవర్తాలంటే ఎనిమిది సెకన్లు. మొదటిసారి రికార్డు చేసేటప్పుడు ఆ ఎనిమిది సెకన్లు ఆమె చేతులు ఒడిలో పెట్టుకొని ఊరక కూర్చోవాలి. "అయ్యగారూ, అన్నిటికంటె అదే కష్టం. నిశ్శబ్దం భయపెడుతుంది, ఏదో ఒకటి వాయించి నింపేయాలనిపిస్తుంది. కాని నేను నింపేస్తే అతనికి చోటు ఉండదు. అతడు తప్పక వస్తాడని నమ్మి ఖాళీ విడిచిపెట్టాలి" అన్నది.

ఆ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్ళుగా ప్రసంగించడం మా పని. ఎదుటివారి కోసం ఎనిమిది సెకన్లు ఆగిన సందర్భాలు ఎన్ని? ఆ అమ్మాయి చదువును గూర్చి కూడ మేము ముందు తీర్పు చెప్పి, తరువాత గదా విన్నాము!

అమ్మమ్మ తీర్పు

కచేరీలో ఒక పాట ఆమె ఒంటరిగా వాయించాలి. దానికి కళాశాల పెట్టిన నియమం కఠినమైనది. మొదటినుండి చివరివరకు ఒకే బిగిన వాయించాలి, ఎక్కడా కత్తిరించి అతికించకూడదు. ఆమె పదకొండుసార్లు వాయించింది. ఆరవసారి వాయించినదానిలో ఒక స్వరం తప్పు పడింది. పదకొండవదానిలో ఏ తప్పూ లేదు. ఏది పంపాలో తేలక రెండూ అమ్మమ్మకు పంపింది. ఏది ఏదో చెప్పలేదు.

ఆ సాయంకాలం మేమూ అక్కడే ఉన్నాము. అమ్మమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకొని, కళ్ళు మూసుకొని రెండూ విన్నది. మరోసారి పెట్టించుకొని విన్నది. తరువాత ఫోనులో, "అమ్మలూ, రెండోదానిలో నువ్వు భయపడుతూ వాయించావే. మొదటిదానిలో మా మందిరంలో వాయించినట్లు వాయించావు. అదే పంపు" అన్నది. మొదటిదే తప్పు స్వరం పడినది. అవతల అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

ఆమె దానినే పంపింది. ఏప్రిల్‌లో గురువులు కచేరీని అంగీకరించారు, మే నెలలో డిగ్రీ వచ్చింది. మేము ఆమెకు ఫోను చేసి, "తల్లీ, తెలియక మాట్లాడాము, క్షమించు" అని అడిగాము. "మీరు విన్నారు గదండీ అయ్యగారూ, అది చాలు" అన్నది.

ప్రియ తల్లిదండ్రులారా, మీ బిడ్డ మీకు తెలియని చదువు ఏదైనా ఎంచుకొంటే ప్రశ్నించండి, తప్పులేదు. అయితే ప్రశ్న వేసిన తరువాత జవాబుకు చోటు విడవండి. బల్ల దగ్గర కూర్చున్నప్పుడు భార్య చెప్పేది భర్త, పిల్లలు చెప్పేది పెద్దలు పూర్తిగా వినగలుగుతున్నారా? దూరాన ఉన్న ముగ్గురు పిల్లలు ఒకరి కోసం ఒకరు ఎనిమిది సెకన్లు మౌనంగా ఉండి ఒకే పాటను నిలబెట్టగలిగారు. ఒకే కప్పు క్రింద ఉన్న మనకు అది అసాధ్యమా?

ఆ అమ్మమ్మ ఇంట్లో ఇప్పుడు కూడ సాయంకాలాలు ఆ పియానో పాట వినబడుతుంది. ఆ తప్పు స్వరం వచ్చే చోట ఆమె చిన్నగా నవ్వుకొంటుంది.