పాత భోషాణమా? కొత్త బీరువానా?

అనంతపురం: వాన చినుకు కోసం ఆకాశం వైపు చూసే సీమలో కొయ్య సామాను గురించి మాట్లాడటం కొందరికి విలాసంగా తోచవచ్చు. కాని ఏ పల్లెలోనైనా పాత మిద్దెలోకి తొంగి చూస్తే, ఆ ఇంటి బాగోగులన్నీ ఒక కొయ్య పెట్టె చుట్టూ తిరిగినట్లు అర్థమవుతుంది. పెళ్లి చీరలు, పొలం కాగితాలు, వెండి గొలుసులు, విత్తనాలకు దాచిన నాలుగు రూపాయలు అన్నీ అందులోనే ఉండేవి. చిన్నదైతే సందుగ, పెద్దదైతే భోషాణం. రాత్రివేళ ఇంటి పెద్ద దానిమీదే పక్క వేసుకుని పడుకోవడం వెనుకటి రోజులలో పరిపాటి. ఇంటికి కాపలా, వస్తువుకు కాపలా రెండూ అలా జరిగిపోయేవి.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వర్షం పడే ప్రాంతమిది. 2022లో పాత జిల్లా రెండుగా విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినా కరువు మాత్రం ఉభయులకూ ఉమ్మడి ఆస్తిగానే మిగిలింది. వేరుశనగ చేతికి రాని ఏడు ముందు పశువులు, తర్వాత ఇత్తడి బిందెలు, ఆ తర్వాత కొయ్య సామాను గడప దాటుతాయి. బెంగుళూరుకు వలస పోయేవారు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కూడా ఇదే తంతు. అందుచేత పాతది ఉంచుకోవాలా, అమ్మాలా, కొత్తది కొంటే ఏది కొనాలి అన్న ప్రశ్న ఇక్కడ అలంకారానికి సంబంధించినది కాదు. కుటుంబం డబ్బుకు సంబంధించినది.

అమ్మేముందు కొలవండి

పాత సామాను కొనే దళారులు సాధారణంగా కొలత ఎత్తరు. గుత్తగా ఒక మాట చెబుతారు. "ఏంది పెద్దాయనా, పొయ్యిలోకి తప్ప పనికిరాని పెట్టెకు ఇంతకంటే ఎవరిస్తారు?" అన్న మాటతోనే సగం ధర దిగిపోతుంది.

లెక్క కష్టమైనదేమీ కాదు. 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు గల భోషాణాన్ని తీసుకుందాం. ముందూ వెనుకా కలిపి 25 చదరపు అడుగులు, రెండు పక్కలూ కలిపి పన్నెండున్నర, మూతా అడుగూ కలిపి 25. మొత్తం అరవై రెండున్నర చదరపు అడుగులు. పలక అంగుళం మందముంటే దీనిని 12తో భాగించాలి. 5 ఘనపుటడుగులకు పైగా కలప తేలుతుంది. పలక మందం అంగుళంన్నర ఉంటే దానికి ఒకటిన్నర రెట్లు.

ఆ కలప టేకు అయితే దగ్గరలోని టింబరు డిపోకు వెళ్లి కోసిన టేకు ఘనపుటడుగు ధర అడిగి హెచ్చవేసుకోవాలి. పాత చెక్క కాబట్టి కొంత తగ్గించుకున్నా, ఆ అంకె ముందు దళారి చెప్పిన ధర ఎంతో అప్పుడు తెలిసిపోతుంది. ఇత్తడి గొలుసులు, గడియలు, చెక్కడపు పనికి విలువ వేరే. తమిళనాడులోని కారైక్కుడి వంటి చోట్ల పాత ఇళ్ల సామానుకే ప్రత్యేకంగా అంగళ్లు ఉన్నాయన్న సంగతి మరువరాదు.

నూరేళ్లు దాటిన కళాత్మక వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది. వాటిని దేశం దాటించడం నిషిద్ధం. ఇంట్లో తరతరాలుగా వచ్చిన చెక్కడపు పెట్టె ఉన్నవారు ఈ విషయం తెలుసుకుని ఉండటం మంచిది.

పాతది కొనేటప్పుడు

పాత చెక్కకు ఒక గొప్ప గుణం ఉంది. ఎన్నో వేసవులు చూసి ఉంటుంది కనుక అది కుంచించుకు పోవలసినదంతా ఏనాడో పోయి ఉంటుంది. కొత్త పచ్చి చెక్క అలా కాదు. కోస్తాలోని తేమ గాలికి ఆరిన పలకను ఇక్కడకు తెచ్చి బీరువా చేయిస్తే, ఎండలు 40 డిగ్రీలు దాటే నాటికి పలకల మధ్య సందులు పడతాయి. తలుపు పలకను చట్రం గాడిలో జిగురు లేకుండా కాస్త వదులుగా అమర్చే పాత వడ్రంగుల పద్ధతికి కారణం ఇదే. గాడిలో పలక అటూ ఇటూ జరుగుతుందే తప్ప చీలదు.

అయితే పాతదంతా బంగారం కాదు. టార్చిలైటు వేసి అడుగు భాగం, వెనుక పలక, కాళ్ల మూలలు చూడాలి. సన్నని రంధ్రాల కింద తాజాగా పిండి రాలుతుంటే పుచ్చు ఇంకా బతికే ఉన్నట్లు. వేలితో తట్టినప్పుడు బోలు శబ్దం వచ్చినా, మట్టి గీతలు కనిపించినా చెదలు పట్టినట్లు. పలకలు మేకులతో కాక, ఒకదానిలోకి ఒకటి దూర్చి కలిపినవైతే పనితనం మేలైనదని గ్రహించవచ్చు. పైన కొత్త రంగు దట్టంగా పూసి ఉంటే లోపలి వైపు చూసి గాని బేరమాడరాదు.

టేకు దొరకనివారికి వేప మంచి ప్రత్యామ్నాయం. చేవ పట్టిన వేపకు పురుగు బెడద తక్కువ. చేవ పట్టని తెల్ల భాగానికి మాత్రం ఆ రక్షణ లేదు.

పాత పెయింటులో సీసం ఉండే అవకాశముంది. పిల్లలున్న ఇంట్లో దానిని పొడిగా గీకి దుమ్ము రేపరాదు. అవిసె నూనె పట్టించిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదముంది. విడదీసి ఆరవేయాలి.

కొత్తది కొనేటప్పుడు

పట్టణాలలో మెరిసే రేకు అతికించి అమ్ముతున్న బీరువాలలో చాలావరకు లోపల ఉన్నది పార్టికల్ బోర్డు. కలప పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక అది. ధర తక్కువ, చూపుకు బాగుంటుంది. కాని నీరు తగిలితే ఉబ్బుతుంది, తిరిగి పూర్వ రూపానికి రాదు. కరువు సీమలో నీరెక్కడిది అనుకోవడానికి వీలులేదు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం పట్టణంలో కాలనీలు నీట మునిగిన సంగతి అందరికీ తెలిసిందే.

అద్దె ఇళ్లు మారేవారు మరో విషయం గమనించాలి. ఈ పలకలో ఒకసారి ఊడిన స్క్రూ మళ్లీ అదే గట్టితనంతో పట్టదు. రెండు మూడు ఇళ్లు మారేసరికి తలుపులు వేలాడతాయి.

ప్లైవుడ్ తీసుకుంటే ఐఎస్ఐ ముద్ర చూడాలి. ఐఎస్ 303 అని ఉన్నది సాధారణ వాడకానికి. అందులో ఎంఆర్ రకం కాస్త తేమను తట్టుకుంటుందే గాని నీటిలో నానడానికి కాదు. వంటింటికి, తడి గోడ పక్కకు బీడబ్ల్యూఆర్ రకం గాని, ఐఎస్ 710 గాని మేలు. చెదల బెడద ఎక్కువగా ఉండి, చేతిలో డబ్బు తక్కువగా ఉన్న ఇంటికి ఇనుప బీరువా కొనడం తప్పేమీ కాదు.

ఏది ఉన్నా జాగ్రత్తే ముఖ్యం

ఎర్రనేలలో చెదలు నేల నుంచే ఎక్కుతాయి. కాళ్ల కింద తాడిపత్రి నాపరాయి ముక్కలు పెట్టి, గోడకు మూడు అంగుళాల దూరం వదిలితే మట్టి గీత కంటికి కనిపిస్తుంది, వెంటనే దులపవచ్చు. ధర్మవరం పట్టుచీరలను పలుచని నూలు గుడ్డలో చుట్టి, ఏడాదికి రెండు మూడుసార్లు మడత మార్చాలి. కలరా ఉండలు జరీకి నేరుగా తగలరాదు. చెదల మందు కొట్టిన పెట్టెలో ధాన్యం పోయరాదు. సరిగా ఆరని వేరుశనగ కాయలను ఏ పెట్టెలోనూ మూసి ఉంచరాదు. బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది.

అమ్మక తప్పని ఏడు అమ్ముకోవడంలో నామర్దా లేదు. తాతలు దాచుకున్న పెట్టెను వంటచెరకు ధరకు వదిలేసి, వచ్చిన డబ్బుకు మరికొంత అప్పు చేర్చి పొట్టు పలక బీరువా ఇంటికి తెచ్చుకోవడమే అసలు నష్టం. ఒక టేపు, ఒక టార్చిలైటు, టింబరు డిపోలో అడిగిన ఒక ధర చేతిలో ఉంటే ఆ నష్టం నుంచి తప్పించుకోవచ్చు.