కన్నూ కన్నూ కలిస్తే... వల!

అల్లిక అనగానే ఉన్ని ఉండ, రెండు సూదులు, సగంలో ఆగిపోయిన స్వెటరు గుర్తొస్తాయి. వణికించే చలి పెద్దగా తెలియని ఉద్దానం తీరంలో మాత్రం అల్లిక అంటే వలే! పలాస నుంచో టెక్కలి నుంచో సముద్రం వైపు వెళ్లి చూడండి. బారువ, నువ్వలరేవు, భావనపాడు... ఏ ఊరైనా సరే, ఇంటి అరుగు మీదో ఇసుకలోనో వల ముందేసుకుని కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. మాట ఎవరితోనో, చూపు ఎటో. చేయి మాత్రం తన పని తాను చేసుకుపోతుంటుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను బోట్లకు వేట నిషేధం. పడవలకు అది విశ్రాంతి, చేతులకు కాదు. చినిగిన వలలన్నీ బాగుపడేది అప్పుడే!

ముడికి ముడే కాపలా

స్వెటరుకీ వలకీ దారం ఒకటే తేడా కాదు. స్వెటరంతా ఉచ్చులో ఉచ్చు దూర్చిన గొలుసు. సీదా, ఉల్టా... ఈ రెండు కుట్లూ వస్తే చాలు, గళ్లూ జడలూ గీతలూ ఎన్ని డిజైన్లయినా వేయొచ్చు. కాకపోతే ఒక్క ఉచ్చు జారిందంటే కింది వరసలన్నీ ఊడొస్తాయి. వల అలా కాదు. ప్రతి కన్నుకీ దాని ముడి దానికుంటుంది. ఒకచోట తెగితే పక్కన ముడి పట్టి ఆపుతుంది. అందుకే వలను ఎన్నిసార్లయినా అతుక్కోవచ్చు.

ఈ విద్య ఎంత పాతదో తెలుసా? 1913లో అప్పటి ఫిన్లాండులోని ఆంట్రియా దగ్గర ఒక వల అవశేషాలు దొరికాయి. చెట్టు నారతో అల్లిన ఆ వల వయసు సుమారు పది వేల ఏళ్లు! సూదులతో అల్లినవాటిలో మనకు దొరికిన పాత నమూనాలు ఈజిప్టు మేజోళ్లు. వాటి వయసు వెయ్యేళ్లకు అటూ ఇటూ. అంటే, స్వెటరుకు వల ముత్తవ్వకు ముత్తవ్వ అన్నమాట.

దారం మారింది

ఒకప్పుడు వలంటే నూలు, జనుము దారాలే. ఉప్పునీటిలో నానితే కుళ్లిపోతాయి కాబట్టి చెట్ల బెరడు రంగులో ముంచి, ఎండబెట్టి వాడేవారు. గత శతాబ్దం రెండో సగంలో నైలాన్ వచ్చాక ఆ బాధ తప్పింది. వలగుడ్డ మిషన్ల మీద తయారై వస్తోంది. అయినా దాన్ని కొలతకు కత్తిరించి తాడుకు కట్టడం, పైన బెండ్లూ కింద గుళ్లూ తగిలించడం, చిరుగులు పూడ్చడం చేతిపనే. కుళ్లకపోవడమే నైలాన్‌లో చిక్కు కూడా. సముద్రంలో వదిలేసిన వల ఏళ్ల తరబడి చేపల్నీ తాబేళ్లనూ చుట్టేస్తూనే ఉంటుంది. మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు అదో గండం.

అంతా కన్నులోనే ఉంది

స్వెటరుకు డిజైను ఎలాగో వలకు కన్ను అలాగ. నెత్తళ్లకు సన్న కన్ను, కానాగంతకు కాస్త పెద్దది, కోనెంకు ఇంకా పెద్దది. చేప తల దూరి, మొప్పల దగ్గర చిక్కుకోవాలి. ఒడ్డు నుంచి లాగే అలివి వలకు రెక్కల్లో పెద్ద కళ్లు, చేప చేరే సంచిలో చిన్న కళ్లు. విసురు వలకు నడినెత్తిన కొన్ని కళ్లతో మొదలుపెట్టి, కొన్ని వరసలకోసారి ఒకే కంట్లో రెండు ముడులు వేస్తూ పెంచుకుంటూ పోతారు. గాల్లోకి విసిరితే గుండ్రంగా విచ్చుకునేది అందుకే! కన్ను మరీ సన్నమైతే పిల్ల చేప కూడా పడిపోతుంది. అది పెరిగి గుడ్లు పెట్టేదెప్పుడు? ఏ చేపను పట్టాలో, దేన్ని వదిలేయాలో అల్లేటప్పుడే తేలిపోతుందన్నమాట.

మీరూ అల్లొచ్చు

సెలవుల్లో పిల్లలతో కలిసి కూరగాయల సంచి అల్లి చూడండి. కావలసినవి సన్నని నూలు తాడు, తాడు చుట్టుకోవడానికి ఒక పొడవాటి చెక్క సూది, రెండు సెంటీమీటర్ల వెడల్పున్న చెక్క పలక. కిటికీ ఊచకు కట్టిన తాడుకు వరసగా ఉచ్చులు వేసుకోండి. పలకను ఉచ్చుల కింద ఆనించి, తాడును పలక ముందు నుంచి కిందికి తిప్పి, వెనక నుంచి పైకి తెచ్చి ఉచ్చులో దూర్చండి. పలక అంచున బొటనవేలితో నొక్కిపట్టి, తాడును ఎడమవైపు వదులుగా పడేయండి. సూదిని ఉచ్చు రెండు పోగుల వెనక నుంచి పోనిచ్చి, ఆ వదులు తాడులోంచి బయటికి లాగి బిగించండి. ముడి పడింది! పలక రెండు సెంటీమీటర్లుంటే సాగదీసిన కన్ను నాలుగు వస్తుంది. నిమ్మకాయ జారదు, పచ్చిమిరపకాయలు మాత్రం నిలవవు. మొదటి పది ముడులూ చిరాకు పెడతాయి. యాభై దాటాక చేయే లెక్క చూసుకుంటుంది. ఇక టీవీ చూస్తూ కూడా అల్లేయొచ్చు!

చేతులే కరువు

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. మత్స్యకారులు పడవల్నీ వలల్నీ పోగొట్టుకున్నారు. ఇక్కడ వేట గిట్టుబాటు కాక జిల్లా నుంచి ఎందరో గుజరాత్‌లోని వేరావల్‌కు వలస పోతున్నారు. 2018 నవంబరులో పాకిస్థాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చిన మత్స్యకారులు అలా వెళ్లినవాళ్లే. తండ్రులు నెలల తరబడి ఊళ్లో లేకపోతే పక్కన కూర్చుని ముడి నేర్చుకునే పిల్లలెక్కడ? వల ఎప్పుడైనా దుకాణంలో దొరుకుతుంది. చిరుగు పడినచోట ముడి వేసే చేయి మాత్రం కొంటే రాదు. ఈసారి తీరానికి వెళితే ఫొటో తీసుకుని వచ్చేయకండి. పక్కన కాసేపు కూర్చుని, 'ఆ ముడి ఎలా వేస్తారు బాబాయ్?' అని అడిగి చూడండి.