పిట్యూటరీ గడ్డలో నక్షత్ర కణాలు

ఇబ్రహీంపట్నం నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా తమ్ముడికి పిట్యూటరీ గడ్డ తీశారు. బయాప్సీ రిపోర్టులో ఎస్-100 పాజిటివ్ సపోర్టింగ్ కణాలున్నాయని రాశారు. అవి కూడా గడ్డేనా? ఎక్కడి నుంచి వచ్చాయి?"

పిట్యూటరీ మెదడు అడుగున ఉండే శనగగింజంత గ్రంథి. దాని ముందు భాగంలో హార్మోన్లు తయారుచేసే కణాలు అయిదు రకాలు. వాటి సందుల్లో, హార్మోను రేణువు ఒక్కటీ లేకుండా, చేతులు చాచి ఇరుగుపొరుగును తాకుతూ నూటికి అయిదు నుంచి పది నక్షత్ర కణాలుంటాయి. 1953లో శాస్త్రవేత్తలు రైన్‌హార్ట్, ఫార్క్వార్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వీటిని గుర్తించారు. శాస్త్రీయ నామం ఫాలిక్యులో స్టెల్లేట్ కణాలు. రిపోర్టులో సపోర్టింగ్ కణాలన్నది వీటినే.

వీటి పుట్టుక మీద ఎంత గొడవ జరిగిందో! ఎస్-100 నాడీ కణజాలంలో దొరికే ప్రొటీన్. 1980లో అది వీటిలోనూ కనబడగానే ఇవి నాడీ సంతతివన్నారు కొందరు. కాదు, రక్తం నుంచి వచ్చాయన్నారు వీటిలో రోగనిరోధక కణాల లక్షణాలు చూసిన ఇంకొందరు. అసలు ఆచూకీ 2008లో ఎలుకల్లో దొరికింది. పిండంలో నోటి పైకప్పు పైకి మడతపడి ఏర్పడే రాత్కే సంచి నుంచే ముందు పిట్యూటరీ పుడుతుంది. ఆ సంతతిలో సాక్స్2 అనే ప్రొటీన్ ఉన్న మూలకణాలు పెద్దయ్యాక కూడా మిగిలి, హార్మోను కణాలన్నిటినీ పుట్టించగలవని తేలింది. నక్షత్ర కణాల్లో కొన్నిటికి ఆ సాక్స్2 ఉంటుంది; అంటే అవీ ఆ సంతతివేనని అనుకోవచ్చు.

ఎస్-100ను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో 2002లో చూశాం. స్పిండిల్ సెల్ ఆంకోసైటోమా అనే అరుదైన గడ్డలో ఎస్-100 చూసి, అది నక్షత్ర కణాల నుంచే పుట్టిందని రాశారు. తర్వాత అందులో టీటీఎఫ్-1 అనే ప్రొటీన్ కనబడింది. అది వెనుక పిట్యూటరీ కణాల గుర్తు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ గడ్డను వెనుక భాగం ఖాతాలో వేసింది.

ఇప్పుడు పాఠకురాలి ప్రశ్న. మామూలు పిట్యూటరీ గడ్డ ఒకే హార్మోను కణం సంతానమని 1990లోనే రుజువైంది. నక్షత్ర కణాలు అందులో కొద్దిగానే, ఎక్కువగా అంచుల్లో ఉంటాయి. గ్రంథిలో ముందే ఉన్నవి గడ్డలో చిక్కుకున్నాయన్న వాదనే నాకు బలంగా తోస్తుంది. గడ్డ కణమే వీటినీ కన్నదనేవారూ ఉన్నారు.

చిక్కుకున్నా ఊరకే కూర్చోవు. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేతాలు విడుదల చేసి పక్క కణాల పెరుగుదలను మారుస్తాయి. 2013లో ఆండోనియాడు బృందం ఎలుకల సాక్స్2 మూలకణాల్లో బీటా-కెటెనిన్ జన్యువును మార్చింది. గడ్డ వచ్చింది, కానీ మార్పు చేసిన కణాల నుంచి కాదు! ఆ కణాలు పంపిన సంకేతాలకు, ఏ మార్పూ లేని పక్క కణాలు గడ్డకట్టాయి. నేరం చేసినది ఒకటి, పెరిగినది మరొకటి. పిల్లల్లో వచ్చే ఒక రకం క్రేనియోఫారింజియోమా గడ్డ ఎలా మొదలవుతుందో దీనితో కొత్తగా ఆలోచించాల్సి వచ్చింది.

ఈ కణాల పరిశోధనతో ప్రయోజనమేమిటని అడిగేవారికి ఒక్క మాట. 1989లో శాస్త్రవేత్త ఫెరారా రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ ప్రొటీన్‌ను వేరుచేసింది ఆవు పిట్యూటరీ నక్షత్ర కణాల పెంపకం నుంచే. దాన్ని అడ్డుకునే అవాస్టిన్ మందును ఇవాళ హైదరాబాద్ కంటి ఆసుపత్రుల్లో రెటీనా జబ్బులకు ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు.