బీరువా తాళం సరే... లెక్కలు చెప్పారా?

‘‘అవన్నీ ఇప్పుడెందుకండీ, అశుభం!’’

బీమా, నామినీ, వీలునామా... ఈ మాటలు ఎత్తగానే చాలా ఇళ్లలో వినిపించే జవాబు ఇదే. స్థలాలు, బంగారం, చిట్టీల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. కానీ ఏ కాగితం ఎక్కడుందో ఇంటాయనకు తప్ప ఎవరికీ తెలీదు. ఆయనకేమైనా అయితే, పెద్దకర్మ ముగిసీ ముగియకముందే ఆ ఇల్లాలు ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

ముందుగా నామినీ సంగతి చూడండి. ఉద్యోగంలో చేరినప్పుడు పీఎఫ్‌కి అమ్మ పేరో నాన్న పేరో రాసి ఉంటారు. పెళ్లయ్యాక అది చెల్లదు, మళ్లీ కొత్తగా ఇవ్వాలి. ఆన్‌లైన్‌లోనే ఇవ్వొచ్చు. బ్యాంకు డిపాజిట్లకైతే 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. అయితే నామినీ అంటే ఆ డబ్బుకు యజమాని కాదు. బ్యాంకు నుంచి తీసుకుని వారసులకు అందించాల్సిన మనిషి. ఎవరికెంతో మీరే తేల్చాలనుకుంటే వీలునామా రాయాలి.

తర్వాత పాస్‌బుక్కు తీయండి. ఏటా మే నెలాఖర్లో 436 రూపాయలు, 20 రూపాయలు కట్ అవుతున్నాయా? మొదటిది జీవనజ్యోతి బీమా, రెండోది సురక్షా ప్రమాద బీమా. ఒక్కోదానికీ 2 లక్షల రూపాయల రక్షణ ఉంది. ఆ కోత దేనికో ఇంట్లో తెలియకపోతే, అడిగే వాళ్లెవరు?

పదేళ్లు ఎవరూ కదపని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న నిధికి వెళ్తాయి. హక్కు పోదు. ‘ఉద్గమ్’ పోర్టల్‌లో వెతుక్కుని బ్యాంకులో అడగొచ్చు. కానీ చేబదుళ్లకు ఆ వీలు లేదు. మామూలు ప్రోనోటు రాసి మూడేళ్లు దాటితే, ఈలోగా చెల్లు రాయించుకోకపోతే, కాలదోషం పడుతుంది. ఆ నోటు ఉన్నట్టే ఇంట్లో తెలియకపోతే ఇక అంతే!

ఖర్చేం లేదు, ఓ నోటుబుక్కు చాలు. ఖాతాలు, పాలసీలు, చిట్టీలు, ఇచ్చిన అప్పులు, తెచ్చిన అప్పులు, తాకట్టులో ఉన్న నగలు... అన్నీ రాయండి. పిన్ నంబర్లు, పాస్‌వర్డులు మాత్రం వద్దు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఓసారి చదువుకోండి. ఆవిడ పేరున ఉన్నవీ ఆయనకు తెలియాలి మరి!

ఇందులో అశుభం ఏముంది? మనవాళ్లు మన డబ్బు కోసం ఊరంతా తిరగాల్సి రావడం కంటేనా!