తెలుగునాట ఆటబొమ్మలు - తరతరాల జ్ఞాపకాలు

బాల్యంలో ఆడుకొన్న బొమ్మలను, ఆటవస్తువులను పెద్దవయసులో తలచుకొన్నప్పుడు కలిగే తీపి, దిగులు కలిసిన భావము అన్ని సమాజములలోను కనిపిస్తుంది. తెలుగునాట ఈ తలపులు తరాన్నిబట్టి మారుతూ వచ్చాయి. 1950 దశకంలో పల్లెలో పెరిగినవారు తాటిబుర్రల బండిని తలచుకొంటారు. 1970 దశకం వారు సినిమా ఫిల్ము ముక్కలను, 1990 దశకం వారు క్రికెట్ ఆటగాళ్ళ అట్టలను, 2000 దశకం వారు బేబ్లేడును తలచుకొంటారు. వస్తువులు వేరైనా వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. పెద్దలు కొనితెచ్చి చేతిలో పెట్టిన బొమ్మకంటె, పిల్లలు తామే చేసుకొన్నది లేదా పంతం పట్టి సంపాదించుకొన్నదే ఎక్కువకాలం గుర్తుంటుంది. చిక్కేమిటంటే కొన్న బొమ్మ బీరువాలో మిగులుతుంది గాని, చేసుకొన్న బొమ్మ మిగలదు. దానిని చేసే పద్ధతి, దాని పేరు మాత్రమే మిగులుతాయి. అవి కూడా తెలిసినవారు ఉన్నంతవరకే.

పదము

ఆంగ్లంలో ఈ భావానికి వాడే "నోస్టాల్జియా" అనే మాటను 1688లో జొహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో కల్పించాడు. గ్రీకు భాషలో "నోస్టోస్" అనగా ఇంటికి తిరిగి రావడం, "ఆల్గోస్" అనగా నొప్పి. దూరదేశాలలో ఉన్న స్విస్ వారు ఇంటిమీద దిగులుతో జబ్బుపడడాన్ని అతడు ఒక వ్యాధిగా వర్ణించాడు. తరువాతి కాలంలో ఈ మాట స్థలంమీది దిగులునుండి గడచిన కాలంమీది దిగులుకు మారింది. తెలుగులో దీనికి సరిగా సరిపోయే ఒక్క మాట లేదు. "బెంగ" దగ్గరగా వస్తుంది. హాస్టలులో చేరిన పిల్లవాడు ఇంటిమీద బెంగపెట్టుకొన్నాడు అన్నప్పుడు ఆ మాటకు హోఫర్ చెప్పిన అర్థమే ఉన్నది.

బొమ్మమీది ఆశ సాహిత్యంలో చాలా పాతది. శూద్రకుని సంస్కృత నాటకం మృచ్ఛకటికమునకు ఆ పేరు ఒక ఆటబొమ్మవల్లనే వచ్చింది. చారుదత్తుని కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారు బండి చూసిన తరువాత తన మట్టిబండి వద్దని ఏడుస్తాడు. వసంతసేన తన నగలను ఆ మట్టిబండిలో నింపుతుంది. కథ మలుపు తిరగడానికి ఆ నగలే కారణమౌతాయి.

చేసుకొన్న ఆటవస్తువులు

పల్లెలలో పిల్లల ఆటవస్తువులకు ముడిసరుకు చాలావరకు పారవేసిన వస్తువే. ముంజలు తిన్న తరువాత మిగిలిన రెండు తాటిబుర్రలను ఒక పుల్లకు చెరొక చివర గుచ్చితే ఇరుసు, చక్రాలు సిద్ధమౌతాయి. చివర పంగ ఉన్న పొడవైన కర్రను ఆ పుల్లమీద ఆనించి నెడితే బండి దొర్లుతుంది. బుర్ర మధ్యగా గుచ్చకపోతే బండి కుంటుతుంది. కాబట్టి మధ్యబిందువును కంటితో కనిపెట్టడమే ఇందులోని విద్య. ఒక బండి నాలుగైదు రోజులకంటె ఆగదు. బుర్ర ఎండి ముడుచుకొని పుల్ల వదులౌతుంది.

తాటాకుతో, కొబ్బరాకుతో బూరలు, గాలిచక్రాలు, పాములు, చేతిగడియారాలు చేసేవారు. పాత సైకిలు ట్యూబు, పంగకర్ర కలిస్తే ఉండేలు అయ్యేది. సైకిలు టైరును చిన్న కర్రతో కొడుతూ ఊరంతా తిప్పేవారు. రెండు ఖాళీ అగ్గిపెట్టెలను దారంతో కలిపితే టెలిఫోను. దారం బిగువుగా లేకపోతే మాట వినబడదనే సంగతి, ధ్వనిపాఠం చదవకముందే పిల్లలకు ఈ ఆటవల్ల తెలిసేది. చింతగింజలు, గవ్వలు, పలకరాళ్ళు, పెంకులు అన్నీ ఆటలో పనికివచ్చినవే. గోలీలు కొనేవారు కొందరైతే, పగిలిన గోలీసోడా సీసాలనుండి ఏరుకొనేవారు మరికొందరు. మెడలో గాజుగోలీ ఉండే ఈ సీసాకు 1872లో హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు పేటెంటు పొందాడు. అతని గోలీ తెలుగు పల్లెలలో ఇన్ని ఆటలకు పనికివస్తుందని అతడు ఊహించి ఉండడు.

ఈ వస్తువుల పేర్లు ప్రాంతాన్నిబట్టి మారతాయి. ఒకే ఆటను కోస్తాలో కొన్నిచోట్ల బిళ్ళంగోడు, కొన్నిచోట్ల కర్రాబిళ్ళ అంటారు. తెలంగాణలో చిర్రగోనె అని, రాయలసీమలో చిల్లాకట్టె అని అంటారు. ఇటువంటి పేర్లు పాఠ్యపుస్తకాలలోకి అరుదుగా వచ్చాయి. ఆట ఆగిపోయిన ఊళ్ళో పేరు కూడా ఒక తరంలోనే మరుగున పడుతుంది.

సినిమా ఫిల్ము ముక్కలు

1960 నుండి 1980 దశకం వరకు చిన్న పట్టణాలలో పెరిగినవారు తరచుగా చెప్పే వస్తువు సినిమా రీలు ముక్క. రీలు తెగినప్పుడు ఆపరేటరు పాడైన భాగాన్ని కత్తిరించి మిగిలినది అతికించేవాడు. కత్తిరించిన ముక్కలు ప్రొజెక్టరు గది వెనుక పడేవి. పిల్లలు వాటిని ఏరుకొని, గోలీలకు మారుబేరం చేసుకొని, పుస్తకాల మధ్య దాచుకొనేవారు. ఒక అడుగు పొడవున్న 35 మిల్లీమీటర్ల ఫిల్ములో 16 బొమ్మలుంటాయి. తెరమీద సెకనుకు 24 బొమ్మలు నడుస్తాయి కాబట్టి అడుగు ముక్క అంటే సెకనులో మూడింట రెండు వంతులు మాత్రమే. అయినా అందులో తమ అభిమాన కథానాయకుడు ఉంటే ఆ ముక్క విలువ వేరు. హీరో ఉన్న ముక్కకు, గుంపు దృశ్యం ఉన్న ముక్కకు మారకపు రేట్లు ఒకటి కావు.

ఈ ముక్కలతో ఇంట్లోనే "సినిమా" వేసేవారు. మాడిపోయిన విద్యుద్దీపం అడుగుభాగం జాగ్రత్తగా తొలగించి, లోపలి తీగెలు తీసివేసి, బుడ్డిలో తేటనీరు నింపుతారు. నీటితో నిండిన ఆ గాజుబుడ్డి కుంభాకార కటకంలాగా పనిచేస్తుంది. గది తలుపులు మూసి, బయట ఎండలో ఒకడు అద్దం పట్టుకొని వెలుగును కిటికీ సందులోనుండి లోపలికి పంపుతాడు. వెలుగుకు, బుడ్డికి నడుమ ఫిల్ము ముక్కను పట్టుకొంటే ఎదురుగా కట్టిన తెల్లపంచెమీద బొమ్మ పెద్దదిగా పడుతుంది. కటకం బొమ్మను తలక్రిందులు చేస్తుంది కాబట్టి ఫిల్మును తలక్రిందులుగానే పట్టుకోవాలి. సూర్యుడు కదులుతూ ఉంటాడు కాబట్టి అద్దం పట్టినవాడు కొద్దికొద్దిగా దానిని తిప్పుతూ ఉండాలి. సినిమా చూసే అదృష్టం అతనికి ఉండదు. ఆ పని వంతులవారీగా చేసేవారు, లేదా అందరికంటె చిన్నవాడికి అంటగట్టేవారు.

2010 తరువాతి సంవత్సరాలలో సినిమాహాళ్ళు డిజిటల్ ప్రదర్శనకు మారడంతో రీలు కనుమరుగైంది. తీగె ఉండే బల్బుల స్థానంలో ఎల్ఇడి దీపాలు వచ్చాయి. కావలసిన వస్తువులు రెండూ ఇంచుమించు ఒకే కాలంలో వాడుకనుండి తొలగడంవల్ల ఈ ఆట పూర్తిగా జ్ఞాపకాలలోకి చేరింది.

తిరునాళ్ళలో కొన్నవి

ఏడాదికి ఒకసారి వచ్చే తిరునాళ్ళు, జాతర, తీర్థము పల్లె పిల్లలకు బొమ్మల అంగడి. ఈలలు, బుడగలు, లాగితే టకటకమని మోగే డప్పుబండి, కీ ఇస్తే గెంతే తగరపు కప్ప అక్కడ దొరికేవి. అన్నిటిలో ఆశ్చర్యకరమైనది తగరపు ఆవిరి పడవ. పడవలోని చిన్న తగరపు డబ్బాకు వెనుకవైపు రెండు గొట్టాలు ఉంటాయి. డబ్బా క్రింద నూనెవత్తి వెలిగిస్తే లోపలి నీరు ఆవిరై గొట్టాలలోని నీటిని వెనుకకు నెడుతుంది. ఆవిరి చల్లబడగానే నీరు మళ్ళీ లోపలికి వస్తుంది. ఇది వెంటవెంటనే జరగడంవల్ల టపటపమనే చప్పుడుతో పడవ ముందుకు పోతుంది. ఈ పడవకు 1891లో థామస్ పియో అనే ఆయన బ్రిటన్‌లో పేటెంటు పొందాడు. ఇంట్లో నీళ్ళతొట్టిలో దీనిని వదిలిన రోజు గుర్తున్నవారు చాలామంది ఉన్నారు గాని, ఆ పడవ దాచుకొన్నవారు తక్కువ. తగరం తుప్పుపడుతుంది.

కొయ్య బొమ్మలు

కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలు తెలుగునాట ప్రసిద్ధి చెందినవి. కొండపల్లి (ఎన్.టి.ఆర్. జిల్లా) బొమ్మలకు తెల్లపొణికి కర్ర వాడతారు. ఈ కర్ర తేలికగా, మెత్తగా ఉంటుంది. దానిని వేడికి ఆరబెట్టి, అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. పైన సున్నము పూసి రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు ఇందులో బాగా తెలిసినవి.

వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక (2022నుండి అనకాపల్లి జిల్లా)లో అంకుడు కర్రను తరిణిపై తిప్పుతూ, లక్కకడ్డీని ఒత్తిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకొంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. తెలుగు ఆడపిల్లలు గుజ్జనగూళ్ళు ఆడుకొన్న లక్కపిడతలు ఈ పద్ధతిలో తయారైనవే. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజరంగుల వాడకానికి కృషిచేసిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మల ఇతివృత్తంతోనే సాగింది.

ఇక్కడ ఒక తేడా గమనించవలసి ఉంది. లక్కపిడతలతో పిల్లలు నిజంగా ఆడుకొన్నారు. కొండపల్లి బొమ్మ మాత్రం చాలా ఇళ్ళలో "ముట్టుకోకు, విరుగుతుంది" అనే మాటతోనే గుర్తుండిపోయింది. నేడు ఈ బొమ్మలను కొనేవారు ఎక్కువగా పెద్దలే. అవి అద్దాల అలమరలోకి, బహుమతుల పెట్టెలోకి పోతున్నాయి. గిరాకీ నిలవడం కళాకారులకు మంచిదే గాని, పిల్లల చేతికి చేరని వస్తువును రేపు ఎవరూ తమ బాల్యపు బొమ్మగా తలచుకోరు.

బొంగరమునుండి బేబ్లేడు వరకు

తరాల తేడాను చూపడానికి బొంగరం మంచి ఉదాహరణ. కొయ్య బొంగరానికి ఇనుప మేకు, చుట్టడానికి తాడు (జాటీ) ఉంటాయి. తాడు బిగువుగా చుట్టి విసిరి లాగడం వారాలు పట్టే విద్య. ఓడినవాని బొంగరాన్ని గెలిచినవారు మేకుతో పొడిచేవారు. ఆ గంట్లు జీవితాంతం గుర్తుంటాయని పెద్దలు నవ్వుతూ చెబుతారు. జపాన్‌లో "బెయ్‌గోమా" అనే పాత బొంగరం స్ఫూర్తితో టకారా సంస్థ 1999లో బేబ్లేడును తెచ్చింది. టీవీ ధారావాహిక వెంట అది 2000 దశకంలో తెలుగు పిల్లలను చేరింది. తాడుకు బదులు పళ్ళున్న ప్లాస్టిక్ పట్టీ వచ్చింది. విసరడంలోని నేర్పు తగ్గి, విడిభాగాల ఎంపికలో నేర్పు పెరిగింది. 2017లో వచ్చిన ఫిడ్జెట్ స్పిన్నరును తిప్పడానికి ఒక వేలు చాలు. అది కొద్ది నెలలలోనే మరుగున పడింది.

టీవీ ప్రభావం అంతకుముందే ఉన్నది. దూరదర్శన్‌లో రామాయణం (1987-88), మహాభారతం (1988-90) వచ్చిన కాలంలో ఈనెపుల్లల బాణాలు, వెదురు విల్లులు, ప్లాస్టిక్ గదలు వీధివీధినా కనిపించాయి. 1990 దశకంలో బబుల్‌గమ్ పొట్లాలలో వచ్చిన క్రికెట్ అట్టలకోసం పిల్లలు తినగలిగినదానికంటె ఎక్కువ బబుల్‌గమ్ కొన్నారు. కావలసిన అట్ట దొరకక రెండిచ్చి ఒకటి తీసుకొనేవారు. పాతతరంవారు దీనిని కొనుగోలు ఆట అని తేలికచేయడం కద్దు. అది సరికాదు. ఫిల్ము ముక్కల బేరానికి, ఈ అట్టల బేరానికి తేడా ఏమీ లేదు.

జ్ఞాపకము విడిచిపెట్టేవి

బాల్యపు బొమ్మల గురించి చెప్పేవారి మాటలలో సాధారణంగా కొన్ని సంగతులు ఉండవు. ఈనెపుల్లల బాణాలవల్ల కళ్ళకు గాయాలయ్యాయి. ఉండేలుదెబ్బకు పిట్టలు చచ్చిపోయాయి. గోలీలు, బొంగరం మగపిల్లలవని, లక్కపిడతలు, గవ్వలు ఆడపిల్లలవని గట్టి హద్దు ఉండేది. తాటిబుర్రల బండి చేసుకోవడం ఒక ఇంట్లో సరదా అయితే, మరొక ఇంట్లో వేరే బొమ్మ కొనలేకపోవడం. పశువులు కాయడానికి, కూలికి వెళ్ళిన పిల్లలకు ఆ సరదాకు కూడా తీరిక తక్కువ. పాత బొమ్మలన్నీ మేలైనవని, కొత్తవన్నీ కీడని చెప్పే వ్యాసాలు ఈ సంగతులను దాటవేస్తాయి. పాత రంగులలో సీసం ఉండే ప్రమాదం కూడా చిన్నది కాదు.

నేటి స్థితి

భారత ప్రభుత్వ బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1నుండి అమలులోకి వచ్చింది. దీనిప్రకారం బొమ్మలకు బి.ఐ.ఎస్. ముద్ర తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులు చేసిన వస్తువులకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. ఈ మినహాయింపు లేకపోతే ఇంటిలో పనిచేసే కళాకారులకు పరీక్షల ఖర్చు భారమయ్యేది. అయితే తెల్లపొణికి కర్ర కొరత మినహాయింపుతో తీరేది కాదు. చెట్లు పెంచవలసిందే.

వివిధ తరాల బొమ్మలు ఒకేచోట కనిపించే సందర్భం బొమ్మల కొలువు. ఆంధ్ర ప్రాంతంలో ఎక్కువగా సంక్రాంతికి, కొన్ని ఇళ్ళలో దసరాకు బేసిసంఖ్య మెట్లమీద బొమ్మలు పేరుస్తారు. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేర్చే ఆనవాయితీ చాలా కుటుంబాలలో ఉన్నది. అమ్మమ్మ కాలపు మట్టి చెట్టియారు, అమ్మ కొన్న కొండపల్లి ఏనుగు, మనవడి ప్లాస్టిక్ కారు ఒకే కొలువులో చేరతాయి. అమెరికా తదితర దేశాలలోని తెలుగువారు కూడా కొలువులు పెడుతున్నారు.

చేసుకొనే బొమ్మలకు మాత్రం కొలువులో చోటు లేదు. తాటిబుర్రల బండిని ఏడాది దాచడం సాధ్యంకాదు. ఏ వేసవికి ఆ వేసవి మళ్ళీ చేయవలసినదే. ఏప్రిల్ నుండి జూన్ వరకు ముంజల కాలం. నగరాలలో ముంజలను ఒలిచి డజన్ల లెక్కన అమ్ముతారు. బుర్రలు బండి ప్రక్కన కుప్పగా పడి ఉంటాయి. అడిగితే అమ్మేవారు ఉచితంగానే ఇస్తారు.